45 గంటల్లో మిగిలేవి మూడే

విద్యాహక్కు చట్టం చివర్లో ఒక షెడ్యూలు ఉంది. బడి ఏడాదికి ఎన్ని రోజులు నడవాలి, ఎంతమంది పిల్లలకు ఎందరు టీచర్లుండాలి అన్నవన్నీ అందులోనే ఉన్నాయి. టీచర్ల పని గంటల సంగతీ అక్కడే ఉంది: వారానికి కనీసం 45 గంటలు, పాఠం తయారీకి పట్టే సమయంతో కలిపి. 45 అన్న అంకె అందరికీ గుర్తుంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు చెబుతారు, "టీచర్లకేం పనుంటుంది" అనేవాళ్లూ చెబుతారు. తయారీతో కలిపి అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. టీచర్ల పనిభారం మీద మనం చేసే చర్చంతా పక్కదారి పట్టేది సరిగ్గా అక్కడే అని నా నమ్మకం.

మామూలు ప్రభుత్వ బడిని తీసుకుందాం. ప్రార్థన నుంచి చివరి బెల్లు దాకా రోజుకు సుమారు ఏడు గంటలు. రెండో శనివారం వచ్చే వారాన్ని పక్కన పెడితే వారానికి ఆరు రోజులు. అంటే 42 గంటలు బడి ఆవరణలోనే అయిపోతాయి. రేపటి పాఠం చూసుకోవడానికి, నోట్సులు దిద్దడానికి, పేపర్లు దిద్దడానికి, వెనకబడిన పిల్లల కోసం వేరే అభ్యాసాలు రాసుకోవడానికి చట్టం లెక్కలో మిగిలేవి మూడు గంటలు. పైగా 45 అన్నది కనీసం మాత్రమే. గరిష్ఠం ఎంతో చట్టంలో ఎక్కడా లేదు.

"బడిలో లీజర్ పీరియడ్లుంటాయి కదా" అంటారు. క్లాసు లేని ఆ పీరియడ్లు ఉంటాయి, వాటినీ కలిపే లెక్క వేద్దాం. హైస్కూల్లో ఒక లెక్కల స్కూల్ అసిస్టెంటు, అంటే సబ్జెక్టు టీచరు, ఉన్నారు. ఆరు నుంచి పది దాకా అయిదు సెక్షన్లు, సెక్షనుకు 40 మంది, సెక్షనుకు వారానికి ఏడు పీరియడ్లు అనుకుందాం. మొత్తం 35 పీరియడ్లు, 200 మంది పిల్లలు. రోజుకు ఎనిమిది పీరియడ్ల బడిలో వారానికి 48. కాబట్టి లీజర్లు 13. పీరియడ్‌కు 45 నిమిషాల చొప్పున 9 గంటల 45 నిమిషాలు. ఇందాకటి మూడు గంటలు కలిపితే 12 గంటల 45 నిమిషాలు.

ఇప్పుడు పని చూడండి. ఒక్కో పీరియడ్‌కు 15 నిమిషాల తయారీ అనుకుంటే, అదీ బాగా అనుభవమున్న టీచరుకు, 8 గంటల 45 నిమిషాలు. వారానికి ఒక్కసారి 200 నోట్సులు, ఒక్కోదానికి మూడు నిమిషాలు: పది గంటలు. ఈ రెండిటికే 18 గంటల 45 నిమిషాలు కావాలి. చేతిలో ఉన్నదానికంటే ఆరు గంటలు ఎక్కువ. పరీక్షలు, రిజిస్టర్లు, యాప్‌లు, మీటింగులు, తల్లిదండ్రులతో మాటలు ఇంకా మొదలే కాలేదు. ఏ గొడవా లేని వారంలోనే ఆ టీచరు పని 51 గంటలు.

సమ్మేటివ్ పరీక్షలు, అంటే టర్ము చివరి పెద్ద పరీక్షలు, వస్తే ఇంకో లెక్క. పేపరుకు ఎనిమిది నిమిషాల చొప్పున 200 పేపర్లు దిద్దాలంటే 26 గంటల 40 నిమిషాలు. ఆ వారం క్లాసులు ఆగవు, లీజర్లు పెరగవు. టర్ము మధ్యలో జరిగే ఫార్మేటివ్‌లో పేపరు చిన్నదే, నమోదు పెద్దది. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతిలో పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అని నాలుగు సాధనాలు. 200 మందికి నాలుగేసి మార్కులంటే 800 నమోదులు, ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లకు 3,200. రిజిస్టర్లో ఒకసారి రాసి, అవే ఆన్‌లైన్‌లో మళ్లీ కొట్టాలి. సర్వర్ మొరాయిస్తే ఆ పని రాత్రి పదకొండు తర్వాత ఇంట్లో.

పేపర్లు దిద్దడం కొలవదగ్గ పని అన్న సంగతి విద్యాశాఖకు తెలియక కాదు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక్కొక్కరికి రోజుకు ఇన్ని పేపర్లే ఇవ్వాలన్న పరిమితి ఉంటుంది. పేపరుకు ఇంతని రెమ్యూనరేషన్ కూడా ఉంటుంది. అంతకు మించి ఇస్తే దిద్దుబాటులో నాణ్యత పోతుందని అక్కడ ఒప్పుకుంటున్నారు. అదే టీచరు, అదే సబ్జెక్టు, అదే తరహా పేపరు, కానీ బడిలో పరీక్ష అయ్యేసరికి పరిమితీ ఉండదు, సమయమూ ఉండదు. ఫలానా తేదీలోపు మార్కులు అప్‌లోడ్ చేయాలన్న మెసేజ్ ఒక్కటే ఉంటుంది.

నోట్సులు దిద్దడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బయటివాళ్లకు అది ఎర్ర ఇంకుతో టిక్కులు పెట్టే పనిలా కనబడుతుంది. ఎనిమిదో తరగతిలో 3(x − 4)ని విడదీయమంటే కొందరు పిల్లలు 3x − 4 అని రాస్తారు. బయటున్న మూడుతో లోపలి నాలుగునీ గుణించాలని వాళ్లకు పట్టుబడలేదు. చివరి జవాబు మాత్రమే చూసి తప్పు కొట్టేస్తే ఆ సంగతి బయటపడదు. ప్రతి మెట్టూ చదవాలి. చదివితే 40 మందిలో 14 మంది అదే చోట తప్పారని తెలుస్తుంది. అప్పుడు మర్నాటి క్లాసులో మొదటి పది నిమిషాలు మళ్లీ దానికే ఇవ్వాలని తెలుస్తుంది. ఇది తెలియకుండా సమీకరణాల పాఠంలోకి వెళ్లిపోతే ఆ 14 మంది పదో తరగతి దాకా అదే తప్పు మోసుకుపోతారు. మూడు నిమిషాలు పట్టేది ఈ చదువుకే. టిక్కు పెట్టడానికి అర నిమిషం చాలు.

సమయం లేనప్పుడు జరిగేది ఆ అర నిమిషం పనే. తనిఖీకి వచ్చినవాళ్లు ప్రతి పేజీలో ఎర్ర గీత, కింద సంతకం, తేదీ ఉన్నాయో లేదో చూస్తారు. కాబట్టి ఉన్న సమయమంతా ప్రతి పేజీకీ గీత పెట్టడానికే పోతుంది. దీనికి టీచర్ల బద్ధకం అని పేరు పెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. పది గంటల పనికి రెండు గంటలిచ్చి, ఆ పని జరిగినట్టు రుజువు అడిగితే దొరికేది రుజువే.

ప్రాథమిక బడి లెక్క దీనికంటే కష్టం. షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా పిల్లలకు ఇద్దరు టీచర్లు. ముప్పై మందికి ఒకరు అంటే వినడానికి బాగానే ఉంది. కానీ బడిలో ఉండేవి అయిదు తరగతులు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు. మూడు నుంచి అయిదుకు వాటితో పాటు పరిసరాల విజ్ఞానం. అంటే 6, 12 కలిపి 18 రకాల పాఠాలు. ఇద్దరు ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) పంచుకుంటే తలా తొమ్మిది. పిల్లలు 60 మంది ఉన్నా 22 మందే ఉన్నా ఈ 18 మారదు. ఒకరు సెలవు పెట్టినా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుకు వెళ్లినా, ఆ రోజు రెండోవారికి అయిదు తరగతులు. ఆ బడిలో లీజర్ అన్న మాటే ఉండదు, ఎందుకంటే పిల్లలు లేని గది ఉండదు.

"ఇరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లా" అని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి. ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరం దిద్దిస్తూ, అదే గదిలో అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలి. విద్యార్థి–ఉపాధ్యాయ నిష్పత్తి ఈ పనిని కొలవలేదు. తరగతులు, సబ్జెక్టుల సంఖ్యను బట్టి పోస్టులు ఇవ్వాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికొక టీచరు అన్న పద్ధతి తెచ్చింది. దాని కోసం తరగతుల్ని ఒకచోటికి చేర్చిన తీరు మీద నాకు అభ్యంతరాలున్నాయి, చిన్నపిల్లలకు బడి దూరమవడం చిన్న విషయం కాదు. కానీ తరగతిని లెక్కలోకి తీసుకోవడం మాత్రం సరైన అడుగు.

మధ్యాహ్నం విరామం కూడా టీచరుకు విరామం కాదు. ఎంతమంది తింటారో ఉదయాన్నే నమోదు చేయాలి, బియ్యం తూచి ఇవ్వాలి, గుడ్లు లెక్కపెట్టాలి. వండినది పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు రుచి చూడాలి, వాళ్లలో ఒక టీచరైనా ఉండాలి. ఈ రుచి చూసే నిబంధనను తీసేయమని నేను అడగను. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పిల్లలు తినేచోట టీచరు ఉండటం అవసరం. బియ్యం నిల్వల రిజిస్టరు, బిల్లులు, ఫొటోల అప్‌లోడ్ టీచరు చేయడం అవసరం కాదు. ఈ రెండిటినీ వేరుచేసి మాట్లాడాలి.

డేటా పని ఎలా పెరుగుతుందో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. దేశంలోని బడుల వివరాల డేటాబేస్ యూడైస్ ప్లస్‌లో 2022–23 నుంచి బడి మొత్తం లెక్కతో పాటు పిల్లవాడి వారీగా వివరాలు ఎక్కించాలి. తర్వాత ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, అపార్ ఐడీ, వచ్చింది. అది పుట్టాలంటే బడి రికార్డులోని పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోవాలి. మన దగ్గర సరిపోనిదే అది. అడ్మిషన్ రిజిస్టర్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఒకచోట "లక్ష్మి"కి ఇంగ్లిషు స్పెల్లింగు ఒకటి, ఇంకోచోట మరొకటి. పుట్టిన తేదీ తేడా అయితే జనన ధ్రువీకరణ పత్రం కావాలి. తల్లి పనికి వెళ్తుంది, ఆధార్ సెంటర్ మండల కేంద్రంలో ఉంటుంది, ఒకరోజు కూలి పోతుంది. ఆమెను ఒప్పించడం, ఫోన్లు చేయడం, సరిచేశాక మళ్లీ ప్రయత్నించడం క్లాస్ టీచరు పని. నలభై మందిలో పదిమందికి ఇలా అయితే నెల తిరిగినా తెమలదు. పైనుంచి రోజూ శాతాల పట్టిక వస్తుంది, అందులో ఆ బడి ఎర్ర రంగులో కనబడుతుంది. ఆ పదిమందికి ఆ నెలలో చదవడం వచ్చిందా అన్నదానికి అలాంటి పట్టిక రోజూ రాదు.

ఇక బోధనేతర పనులు. చట్టంలో సెక్షన్ 27 స్పష్టంగా ఉంది: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ మూడు తప్ప టీచర్లను విద్యేతర పనులకు వాడకూడదు. ఎన్నికల పని మీద 2007లోనే సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: ఓటర్ల జాబితా సవరణ, ఎన్నికల పనులు సెలవు రోజుల్లో, బోధన లేని రోజుల్లో ఇవ్వాలి, మామూలుగా బోధన వేళల్లో టీచర్లను వాటికి పంపకూడదు. 2022 నవంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా, ఇతర శాఖల సిబ్బందిని వాడుకున్నాకే టీచర్ల జోలికి రావాలని తన నిబంధనలను సవరించింది.

కాగితం మీద ఇంత రక్షణ ఉన్నా, 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వేకు 36,559 మంది ఎస్జీటీలను, 3,414 మంది ప్రాథమిక పాఠశాలల హెచ్ఎంలను వినియోగించారు. సర్వే జరిగినన్నాళ్లూ ప్రాథమిక బడులు మధ్యాహ్నం ఒంటిగంట దాకానే. సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. సెక్షన్ 27లోని మూడు మినహాయింపుల్లో రాష్ట్ర సర్వే లేదు. అక్షరాలు నేర్చుకునే వయసు పిల్లలకు పోయిన ఆ మధ్యాహ్నాలను తిరిగి ఎప్పుడు చెప్పాలో ఏ ఉత్తర్వులోనూ ఉండదు. సిలబస్ మాత్రం తగ్గదు.

సెలవుల మాట. టీచర్లకు వేసవి, దసరా, సంక్రాంతి సెలవులున్నాయి కాబట్టి వారానికి ఆరు గంటలు ఎక్కువైతే ఏమైంది అని అడుగుతారు. ఆ సెలవులకు వాళ్లు మూల్యం ముందే చెల్లిస్తున్నారు. వెకేషన్ డిపార్ట్‌మెంట్ అన్న కారణంతో ప్రభుత్వ టీచరుకు ఏడాదికి వచ్చే ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) ఆరు. మిగతా శాఖల ఉద్యోగికి 30. వేసవిలో ఎన్నికల డ్యూటీకో జనగణనకో పిలిస్తే దానికి తగ్గ ఈఎల్స్ తమ ఖాతాలో జమ చేయించుకోవడానికి డ్యూటీ సర్టిఫికెట్ పట్టుకుని తిరగాలి. అయినా జులైలో జరగాల్సిన దిద్దుబాటు మే నెలలో చేసేది కాదు. పిల్లవాడు ఈ వారం చేసిన తప్పు ఈ వారమే పట్టుకోవాలి.

ఇన్నిటి మధ్య ప్రభుత్వాలు శ్రద్ధగా కొలుస్తున్నది టీచరు ఎన్ని గంటలకు వచ్చారన్నది. ముఖ గుర్తింపు హాజరు 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది, 2025లో తెలంగాణలో వచ్చింది. సమయానికి రావాలన్నదాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. సెక్షన్ 24లో టీచరు విధుల్లో మొదటిదే అది. బడికి రాని టీచరు పిల్లలకు చేసే నష్టం దేనితోనూ పూడదు. కానీ అదే సెక్షన్‌లో ఇంకా ఉన్నాయి: ప్రతి పిల్లవాడి స్థాయి అంచనా వేయడం, అవసరమైనవారికి అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడటం. వీటికి టైంటేబుల్‌లో పీరియడ్ ఏదని ఏ యాప్ అడగదు.

బయటి దేశాల్లో గంటలకు హద్దు పెట్టిన అనుభవం ఉంది, దాని మంచీ చెడూ మనకు పనికొస్తాయి. ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వాల నిర్వహణలోని బడుల్లో హెడ్ టీచరు చెప్పినట్టు పనిచేయాల్సిన సమయానికి ఏడాదికి 195 రోజులు, 1,265 గంటలు అని పరిమితి ఉంది. 2005 నుంచి బోధన సమయంలో కనీసం పదో వంతు పాఠం తయారీకి, దిద్దుబాటుకు టైంటేబుల్‌లోనే కేటాయించాలి, ఆ సమయంలో ఇంకొకరి క్లాసుకు పంపకూడదు. ఇది చాలా మంచి నిబంధన. కానీ అదే ఒప్పందంలో, విధుల కోసం అవసరమైనన్ని అదనపు గంటలు కూడా పనిచేయాలన్న షరతు ఉంది. దాంతో దిద్దుబాటు భారం మళ్లీ ఇంటికే చేరింది. జపాన్ సంగతి ఇంకా గట్టి హెచ్చరిక. టీచర్ల మీద అంతర్జాతీయంగా జరిగిన 2018 టాలిస్ సర్వేలో అక్కడి జూనియర్ హైస్కూల్ టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు చెప్పారు, అందులో బోధన 18 గంటలే. ఓవర్‌టైమ్‌కు బదులు జీతంలో నాలుగు శాతం ఇస్తే సరిపోతుందని 1971లో చట్టం చేశారు. అదనపు గంటకు ఖర్చు లేనప్పుడు ఆ గంటను ఆపాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

అందుకే గంటల మీద పరిమితి ఒక్కటే చాలదంటాను. పని మీద పెట్టాలి: ఎన్ని పీరియడ్లు, ఎంతమంది పిల్లలు, ఎన్ని పేపర్లు. ఇందాకటి లెక్కల టీచరుకు అయిదు సెక్షన్ల బదులు నాలుగే ఇవ్వండి. 28 పీరియడ్లు, 160 మంది పిల్లలు, 20 లీజర్లు. లీజర్లు 15 గంటలు, పైన మూడు, మొత్తం 18. తయారీకి ఏడు గంటలు. నోట్సులు వారానికి సగమే, 80, కానీ ప్రతి మెట్టూ చదివి: నాలుగు గంటలు. మిగతా సగం ఆ వారం పిల్లలే బోర్డు చూసి దిద్దుకుంటారు. ఇంకా ఏడు గంటలు మిగులుతాయి. సెక్షన్ 24 అడిగే అదనపు బోధన, తల్లిదండ్రుల సమావేశం, మార్కుల నమోదు అన్నీ అందులో పడతాయి. దీనికి పోస్టులు ఎక్కువ కావాలి, నలుగురున్నచోట అయిదుగురు కావాలి. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతం దాటకూడదని చట్టంలోని సెక్షన్ 26 ఎలాగూ చెబుతోంది, ముందు అదైనా అమలు చేయాలి.

కొత్త పోస్టులు వచ్చేదాకా హెచ్ఎంలు తమ పరిధిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. లీజర్లు రోజుకొకటి చొప్పున విడివిడిగా వేస్తే వాటిలో ఏ పనీ తెమలదు. 45 నిమిషాల్లో స్టాఫ్ రూముకు వచ్చి, నోట్సులు సర్దుకుని, నీళ్లు తాగేసరికే పావు గంట. వారంలో రెండుసార్లయినా రెండు లీజర్లు పక్కపక్కన పడేట్టు వేయాలి. ఒకే సబ్జెక్టు వాళ్లందరికీ ఒకేసారి లీజర్ ఇవ్వకూడదు, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకు వెళ్లేవారుండరు. సెలవులో ఉన్నవారి క్లాసుకు వేరేవారిని పంపే అడ్జస్ట్‌మెంట్‌లకు ఒక రిజిస్టరు పెట్టి ఎవరికి వారంలో ఎన్ని పడ్డాయో అందరికీ కనబడేలా ఉంచాలి, ఒకరికి రెండు మించనివ్వకూడదు. లేకపోతే మెతకగా ఉండేవారికే అన్నీ పడతాయి. పరీక్షల తేదీలు వేసేటప్పుడు 200 పేపర్లున్న సబ్జెక్టును మొదటిరోజు, తక్కువ పేపర్లున్నవాటిని చివర పెడితే దిద్దడానికి నాలుగైదు రోజులు కలిసొస్తాయి. తనిఖీ అధికారులు యాభై నోట్సుల మీద గీతలు చూసే బదులు అయిదు నోట్సులు తెరిచి, టీచరు చూపిన తప్పును పిల్లవాడు కింద మళ్లీ సరిగా రాశాడా లేదా చూస్తే చాలు. ఆధార్, అపార్, యూడైస్ పనిని కాంప్లెక్స్ స్థాయిలో సీఆర్పీలకు (కాంప్లెక్స్ బడులకు సాయపడే సిబ్బందికి), కంప్యూటర్ ఆపరేటర్‌కు అప్పగించి, నెలకు ఒక రోజు బడికి వచ్చి పూర్తిచేసేలా చూడాలి.

ప్రైవేటు బడుల టీచర్ల పరిస్థితి దీనికి ఎన్నో రెట్లు కష్టం. అక్కడ 48కి 42, 44 పీరియడ్లు, పైన స్టడీ అవర్, బస్సు డ్యూటీ, రాత్రి వాట్సాప్‌లో తల్లిదండ్రులకు జవాబులు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటి తిరుగుడు. టీచరు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాడని 1988లో గోవా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి కార్మికుల్లా ఆ చట్టం కింద వివాదం లేవనెత్తే దారి వాళ్లకు లేకపోయింది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు మాత్రం ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. గుర్తింపు పునరుద్ధరణకు కాగితాలు పెట్టేటప్పుడు ఫైర్ సర్టిఫికెట్, భవనం ప్లాను అడిగినట్టే, టీచర్ల వారీ టైంటేబుల్ కూడా అడగాలి. ఒక్కొక్కరికి ఎన్ని పీరియడ్లు, ఎంతమంది పిల్లలు, తయారీకి ఏ పీరియడ్లు అన్నది అందులో ఉండాలి. డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయం దాన్ని బడి నోటీసు బోర్డు మీద పెట్టించాలి. కొత్తగా చేరే టీచర్లు కూడా జీతం ఎంతని అడిగినప్పుడే వారానికి ఎన్ని పీరియడ్లో, బెల్లు తర్వాత ఏ పనులున్నాయో అపాయింట్‌మెంట్ లెటర్లో రాసిమ్మని అడగాలి. రాసివ్వని చోట ఆ పనికి హద్దు ఉండదు.